ఖాళీ గడి

మైనస్ ఎనభై డిగ్రీల పెట్టెలో
మూడో అర, ఎడమ వైపు,
నువ్వుగింజంత కండ.
సీసా మీది మంచు నూగును బొటనవేలితో తుడిస్తే
నా చేతిరాతే బయటపడింది:
పదిహేడు.

మా కాగితాల్లో ఆయనకు పేరు లేదు. ఉండకూడదు.
నాకు మాత్రం తెలుసు, వెయిక్కో తర్వాయినెన్,
కాగితపు మిల్లులో ముప్ఫై ఎనిమిదేళ్లు
రాత్రి షిఫ్టు చేసినవాడు.
యువాస్కులాలో మా ల్యాబుకి
మొదటిరోజు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు,
ట్రెడ్‌మిల్లు మీద పరుగెత్తడానికి.

"మీరు ఎప్పుడైనా ఆపేయవచ్చు"
చదివి వినిపించాను, ప్రతి వాక్యం, నిదానంగా.
తలూపాడు.
ఈ ఊళ్లో మగవాళ్లు మాట పొదుపు;
బస్సులో కాలు తొక్కినా కిటికీలోంచి బయటికి చూస్తారు.
అలాంటివాడు, ముక్కుకీ నోటికీ మాస్కు బిగించాక,
చాలు అని ఎలా అంటాడు?
చెయ్యెత్తితే సరిపోతుందన్నాం.
ఎత్తలేదు.
నేను అరుస్తున్నాను కదా మరి:
ఇంకొంచెం, ఇంకొక్క నిమిషం, భేష్, ఇంకొంచెం!
అలా అరవమనే పద్ధతిలో రాసి ఉంది.
ఎందాకానో రాసి లేదు.
పెదవుల రంగు మారింది. అది నేను చూశాను.
చూసి, మరోసారి అరిచాను.

తరవాత బల్ల మీద వాలి, గొంతు సర్దుకుని
"మీకు కావలసింది వచ్చిందా?" అని అడిగాడు.
వచ్చింది. అందమైన గీత.
పత్రికలో అచ్చయింది కూడా.
చివర్లో అది పైకి లేచిన చోట
ఆయన ఊపిరి ఎంతో, నా గొంతు ఎంతో
విడదీసే యంత్రం మా దగ్గర లేదు.

సూది రోజున మరో కాగితం. రెండు గడులు.
ఈ అధ్యయనానికి: టిక్కు పెట్టాడు,
మిల్లు లెడ్జర్లో పెట్టినట్టు, తోక పొడుగ్గా.
భవిష్యత్ పరిశోధనలకు:
పెన్ను గడి మీద ఆగింది.
"భవిష్యత్తంటే ఎంత దూరం?"
నేను నవ్వాను. "దానికి తేదీ ఉండదండీ."
కాసేపు బయట మంచు ఊడ్చే బండిని చూశాడు.
పెన్నుకు మూత పెట్టి జేబుకి తగిలించుకున్నాడు.
అది నా పెన్ను.
అడగలేదు నేను.

ఆయన పోయి రెండేళ్లు.
మా పరీక్ష వల్ల కాదు.
ఇలా తేలిగ్గా అనేస్తున్నాను గాని
మూడుసార్లు ఫైలు తెరిచి చూసుకున్నాను.

ఇప్పుడు సైమి వచ్చింది, తెలివైన పిల్ల,
వెనక గడువు తరుముతోంది.
ఇరవై నాలుగు కావాలి, ఇరవై మూడే ఉన్నాయి.
"పోయినవాళ్లు కాదనరు కదా" అంది,
చెడ్డగా కాదు, లెక్కగా.
నిజమే. కాదనరు.
బతికుండగానూ ఆయన కాదనలేదు,
గడిని ఖాళీగా వదిలాడు, అంతే.

అలాంటి నీలం పెన్నులు నా డబ్బాలో ఇంకా పదకొండు.
తోక పొడుగ్గా ఎలా లాగాలో నా వేళ్లకు తెలుసు.
ఒక్క గీత. ఆవగింజంత సిరా.
దాచడమెందుకు, చెయ్యి డబ్బా దాకా వెళ్లింది.

నా వెనక ఎవరూ
ఇంకొంచెం అని అరవలేదు.

సీసా తీసి పారవేసే ట్రేలో పెట్టాను.
మంచు కరిగి, పదిహేడు చెదిరి,
బొటనవేలికి నీలం అంటింది.
సైమి పట్టిక కింద సన్నటి అక్షరాల్లో రాసుకుంది:
ఒక నమూనా లభ్యం కాలేదు.

ఇవాళ కొత్తాయన ఒకడు ట్రెడ్‌మిల్లెక్కాడు.
బెల్టు కదలకముందే
ఊరికే ఒకసారి
చెయ్యెత్తి చూపించమన్నాను.
సిగ్గుపడుతూ భుజం దాకా ఎత్తాడు.
ఇంకొంచెం, అన్నాను.